2,300 కచేరీల గ్రేట్‌ఫుల్ డెడ్: మొదట ఏది వినాలి?

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం 1965 నుంచి 1995 దాకా, ముప్పై ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. సగటున ఐదు రోజులకొకటి. వాటిలో చాలా వాటికి ఏదో ఒక రికార్డింగు మిగిలి ఉంది. ఒక్కో కచేరీ రెండున్నర గంటలనుకుంటే మొత్తం 5,750 గంటలవుతుంది. రోజుకో గంట చొప్పున వింటే పూర్తి కావడానికి పదిహేనేళ్ల తొమ్మిది నెలలు కావాలి. ఒకటో తరగతిలో చేరిన పిల్ల బీటెక్ పట్టా పుచ్చుకునేంత కాలం. వీళ్ల పాటలు విందామని కొత్తగా వచ్చినవాళ్లు ఈ లెక్క చూసి వెనక్కి తగ్గుతుంటారు. అంతా వినాల్సిన పని లేదు. సరైన గంట ఎంచుకుంటే ఆ ఒక్క గంటలోనే వీళ్ల సంగీతం ఏమిటో, మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. ఆ గంట ఎక్కడుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు మనుషుల్ని పరిచయం చేసుకుందాం. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో, మెన్లో పార్క్ ఊళ్ల చుట్టుపక్కల పుట్టిన బృందం ఇది. ఈరోజు ఆ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 1965 మే నెలలో మెన్లో పార్క్‌లోని ఒక పిజ్జా దుకాణంలో 'వార్లాక్స్' అన్న పేరుతో తొలిసారి వాయించారు. ఆ ఏడాది చివరికి పేరు మారింది. గిటారుతో నడిపించేది జెర్రీ గార్సియా, పక్కన రెండో గిటారు బాబ్ వియర్, బేస్ గిటారు ఫిల్ లెష్, డ్రమ్స్ బిల్ క్రూట్స్‌మన్, కీబోర్డు, మౌత్ ఆర్గాన్ 'పిగ్‌పెన్' అని పిలిచే రాన్ మెకర్నన్. 1967లో రెండో డ్రమ్మర్‌గా మికీ హార్ట్ చేరాడు. పాటల్లో ఎక్కువ భాగం రాసింది రాబర్ట్ హంటర్, ఆయన వేదిక ఎక్కేవాడు కాదు. కీబోర్డు దగ్గర మాత్రం మనుషులు మారుతూ వచ్చారు. ఆ మార్పులు గుర్తుంటే ఏ రికార్డింగు ఏ కాలానిదో చెవికే తెలుస్తుంది.

వచ్చే మొదటి సందేహం: అవే పాటలు కదా, ఒక్క మంచి ఆల్బమ్ వింటే సరిపోదా?

మన కర్ణాటక కచేరీ తెలిసినవాళ్లకు దీని జవాబు సులువు. త్యాగరాజ కీర్తన ఒకటే. కానీ దాని ముందు ఆలాపన ఎంతసేపు చేస్తారు, ఏ పాదం దగ్గర నెరవు అందుకుంటారు, స్వరకల్పన ఎటు పోతుంది అన్నవి ఆ సాయంత్రం తేలేవి. నిన్న విన్నాం కాబట్టి ఈరోజు వద్దని రసికులెవరూ అనరు. డెడ్ పాటకూ అలాంటి స్థిరమైన భాగం ఒకటుంది: పల్లవి, చరణాలు, బాణీ. దాని మధ్యలోనో చివరనో తలుపు తెరుచుకుని ఐదారుగురూ ఒకేసారి బయటికి నడుస్తారు. ముందుగా రాసుకోకుండా, ఒకరినొకరు వింటూ అక్కడికక్కడే అల్లే ఈ వాదనాన్నే 'జామ్' అంటారు. తేడా ఒకటుంది. మన దగ్గర మనోధర్మం ప్రధానంగా ఒక కళాకారుడిది, పక్కవాద్యాలు దానికి బదులిస్తాయి. ఇక్కడ ముందు నడిచేది ఎవరో నిమిష నిమిషానికీ మారుతుంటుంది. ముఖ్యంగా ఫిల్ లెష్ బేస్ వినండి. అడుగున తాళం పట్టుకుని కూర్చోవడం ఆయన పని కాదు, గార్సియాతో సమానంగా మాట్లాడుతూనే ఉంటాడు.

ఆ తలుపు ఎంత దూరం తెరుచుకుంటుందో 'డార్క్ స్టార్' పాట చెబుతుంది. 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు అది మూడు నిమిషాలు కూడా లేదు. 1969లో వచ్చిన 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు. 1972 మే 11న నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో దాదాపు 48 నిమిషాలు వాయించారు. హైదరాబాద్ మెట్రోలో మియాపూర్‌లో ఎక్కితే ఎల్బీనగర్ దరిదాపులకు చేరే సమయం. సాహిత్యం మూడింట్లోనూ అంతే, కొద్ది పంక్తులు.

ఇలా సాగే బృందానికి ముందే అచ్చేసుకున్న పాటల జాబితా పనికిరాదు. వీళ్లు ముప్పై ఏళ్లలో 400కు పైగా వేర్వేరు పాటలు పాడారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు పాడిన 'మీ అండ్ మై అంకుల్' లెక్క 600 దాటింది. అంటే అత్యధికంగా పాడిన పాటైనా నాలుగు కచేరీల్లో ఒక్కదాంట్లోనే వినిపించింది. అందుకే జనం ఒక్క రాత్రితో ఆగక, ఊరి నుంచి ఊరికి బృందం వెంట తిరిగారు. వాళ్లకు 'డెడ్‌హెడ్స్' అన్న పేరు స్థిరపడింది. వాళ్లు తిరిగిన దారుల వెంటే ఈ టేపులూ పుట్టాయి.

ఇన్ని రికార్డింగులు ఎలా మిగిలాయి? రెండు చేతుల పుణ్యం. మొదటిది బృందంలోని శబ్ద నిపుణులది. తొలి రోజుల్లో ఔస్లీ స్టాన్లీ తన పనిలో లోపాలు తానే వినడానికి ప్రతి రాత్రీ టేపు తిప్పేవాడు. తర్వాత బెట్టీ కాంటర్-జాక్సన్ ఆ పనిని కళ స్థాయికి తీసుకెళ్లారు. రెండోది శ్రోతలది. మైకులు దాచుకుని హాల్లోకి వచ్చి రికార్డు చేసేవాళ్లు. చాలా బృందాలు ఇలాంటివాళ్లను గెంటేశాయి. డెడ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. 1984 అక్టోబరులో బర్క్‌లీలో జరిగిన కచేరీల నుంచి వాళ్ల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. షరతు ఒక్కటే: టేపులు పంచుకోండి, అమ్మకండి. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు పడతాయి. మూడు గంటల కచేరీకి రెండు క్యాసెట్లు. కావలసినవాళ్లు రెండు ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా ఖర్చు పంపితే పాట నింపి పంపేవాళ్లు. ఈ పద్ధతిలో ఒక్క డాలరు లాభం లేకుండా దేశమంతా ఒక భాండాగారం తయారైంది. సంగీత ప్రపంచంలో ఇంత ఉదారమైన ఏర్పాటు నాకు తెలిసి అరుదు.

ఆ క్యాసెట్లు ఇప్పుడు డిజిటల్ రూపంలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, వినడం ఉచితం. అక్కడ డెడ్ పేరు మీద 15 వేలకు పైగా రికార్డింగులున్నాయి. కచేరీలు 2,300 అయితే రికార్డింగులు 15 వేలెందుకు? ఒకే రాత్రిని హాల్లో వేర్వేరు చోట్ల కూర్చున్నవాళ్లు వేర్వేరుగా పట్టారు కాబట్టి. సగటున ఒక్కో కచేరీకి ఆరేడు. ఇక్కడే కొత్తవాళ్లు తప్పుదారి పడతారు. మంచి కచేరీని పాడు టేపులో విని, బృందమే బాగాలేదనుకుని వెళ్లిపోతారు.

కాబట్టి మూడు పేర్లు తెలిసి ఉండాలి. 'సౌండ్‌బోర్డ్' అంటే వేదిక మైకుల తీగలన్నీ చేరే మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసినది. ప్రతి వాద్యం స్పష్టంగా ఉంటుంది, హాలు గాలి మాత్రం ఉండదు. చప్పట్లు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. 'ఆడియన్స్' అంటే జనం మధ్య మైకుతో తీసినది. హాలు మోత, ఈలలు, పక్కవాడి కేకలు అన్నీ ఉంటాయి. బాగా తీసినదైతే అక్కడ కూర్చున్నట్టే ఉంటుంది. రెంటినీ కలిపి సరిచేసినది 'మ్యాట్రిక్స్'. మొదటి నెల సౌండ్‌బోర్డ్‌కే పరిమితం కండి. చెవి అలవాటయ్యాక మ్యాట్రిక్స్‌కు రండి, నా మటుకు నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. వివరాల్లో 'జనరేషన్' అన్న మాట కనిపిస్తే, అసలు టేపు నుంచి అది ఎన్నో నకలో చెబుతున్నారన్నమాట. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు దిగేకొద్దీ బుస్సుమనే శబ్దం పెరుగుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది.

ఇంకో చిక్కు తేదీలది. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. 5/8/77 అని కనిపిస్తే అది మే 8, ఆగస్టు 5 కాదు. డెడ్‌హెడ్స్ కచేరీని ఊరి పేరుతోనో తేదీతోనో పిలుస్తారు కాబట్టి ఇక్కడ తికమకపడితే మొత్తం తప్పుతుంది. రెండు పాటల పేర్ల మధ్య బాణం గుర్తు ఉంటే, మొదటిది ఆగకుండానే రెండో దానిలోకి జారిందని అర్థం. ఆ జారే చోటే అసలు సంగతి ఉంటుంది కాబట్టి, బాణం ఉన్న రెండు పాటల్నీ విడదీసి వినకండి.

కచేరీ నడక చాలా ఏళ్ల పాటు దాదాపు ఒకేలా ఉంది. మొదటి సగంలో ఐదు నుంచి పది నిమిషాల పాటలు, తర్వాత విరామం. రెండో సగంలో బాణాలతో కట్టిన పొడవాటి గొలుసు, చివర ఒకటో రెండో పాటలు. 1978 నుంచి రెండో సగం నడుమ 'డ్రమ్స్', 'స్పేస్' అనే రెండు భాగాలు స్థిరపడ్డాయి. డ్రమ్స్ అంటే ఇద్దరు డ్రమ్మర్ల తని ఆవర్తనమే. స్పేస్‌లో తాళమూ ఉండదు, బాణీ ఉండదు, గిటార్లు శబ్దాలతో ఆడుకుంటాయి. మొదటిసారి వింటున్నప్పుడు స్పేస్‌ను దాటవేయడంలో తప్పేమీ లేదు. నాకు అది రుచించడానికి చాలా కాలం పట్టింది.

ఇక ఏ ఏడాది? ఇది ఎక్కువ మాట్లాడదగ్గ విషయం, ఎందుకంటే 1969 డెడ్, 1977 డెడ్, 1990 డెడ్ వినడానికి మూడు వేర్వేరు బృందాల్లా ఉంటాయి.

1968 నుంచి 1970 దాకా ఉన్నది అగ్గి. ఇద్దరు డ్రమ్మర్లు, హోరెత్తే గిటార్లు, పిగ్‌పెన్ బ్లూస్ గొంతు. 1969, 1970లలో ఏటా 130కి మించి కచేరీలు చేశారు, అంటే మూడు రోజులకు ఒకటి కన్నా ఎక్కువ. 'లైవ్/డెడ్' ఈ కాలానిది. 16 ట్రాకుల యంత్రంతో, అంటే 16 శబ్దాలను విడివిడిగా పట్టుకునే యంత్రంతో తీసిన తొలి రాక్ ప్రత్యక్ష ఆల్బమ్‌గా దానికి పేరు. ఇదే కాలంలో, 1970లో, ఇంకో చిత్రం జరిగింది. ఈ హోరు బృందమే 'వర్కింగ్‌మన్స్ డెడ్', 'అమెరికన్ బ్యూటీ' అనే రెండు మెత్తని స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. పాటలంటే సాహిత్యం, బాణీ అనుకునేవాళ్లు ముందు ఈ రెండింటితో పరిచయం చేసుకోండి.

1971 ఫిబ్రవరిలో మికీ హార్ట్ వెళ్లిపోయాడు. 1974 అక్టోబరు దాకా ఒక్క డ్రమ్మరే. ఒక్కడే ఉండటంతో లయ తేలికై, మలుపులు తిరగడం సులువైంది. కీత్ గాడ్షా పియానో చేరింది, ఆ తర్వాత ఆయన భార్య డోనా జీన్ గొంతు కలిసింది. జామ్ జాజ్ వైపు మళ్లింది. 1972 ఏప్రిల్, మే నెలల్లో ఐరోపాలో 22 కచేరీలు చేశారు. దాన్నుంచి ఏరిన పాటలే ఆ ఏడాది వచ్చిన 'యూరప్ 72', మూడు ఎల్పీల ఆల్బమ్. ఆ 22 రాత్రులూ పూర్తిగా 2011లో పెట్టెగా వస్తే 73 సీడీలయ్యాయి. ఒక సంగతి తెలిసి ఉండాలి. 1972 ఆల్బమ్‌లో గొంతులను చాలావరకు తర్వాత స్టూడియోలో మళ్లీ పాడి చేర్చారు. వాద్యాలు మాత్రం ఆ రాత్రులవే. అందుకే గాత్రం వీళ్ల మామూలు కచేరీ కన్నా నున్నగా ఉంటుంది. కొత్తవాళ్లకు అది మేలే.

1974 టేపుల్లో గొంతులు పీలగా వినిపిస్తాయి, టేపు లోపమేమో అనిపిస్తుంది. కారణం వేరే. ఆ ఏడాది వాళ్లు 'వాల్ ఆఫ్ సౌండ్' అనే స్పీకర్ల గోడ కట్టారు. 600కు పైగా స్పీకర్లు, బరువు సుమారు 75 టన్నులు, అంటే పది టన్నుల లారీలు ఏడెనిమిది. యాంప్లిఫయర్ల సామర్థ్యం 26,400 వాట్లు, ఇళ్లలో పెట్టుకునే రెండు వేల వాట్ల గీజర్లు పదమూడింటికి సమానం. ఆ గోడ బృందం వెనకాలే నిలబడేది. దాని మోత మైకుల్లోకి తిరిగి దూరకుండా ఒక్కో గాయకుడికి రెండు మైకులు పెట్టి, ఒకదానికి రెండోది ఎదురు తిరిగేలా కలిపారు. గాయకుడు ఒక్క మైకులోనే పాడతాడు. రెంటిలోనూ సమానంగా పడే వెనకటి మోత ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. మోత పోయింది, దానితో పాటు గొంతులోని నిండుదనమూ కొంత పోయింది. వాద్యాలు మాత్రం, ముఖ్యంగా బేస్, ఆ ఏడాది ఉన్నంత స్పష్టంగా మళ్లీ ఎప్పుడూ లేవని నా అభిప్రాయం. అంత బరువు మోస్తూ ఊళ్లు తిరిగే ఖర్చు భరించలేకపోవడం 1974 చివర యాత్రలు ఆపడానికి ఒక కారణం. 1975 మొత్తం మీద చేసినవి నాలుగే కచేరీలు.

1976లో తిరిగి వచ్చేసరికి మళ్లీ ఇద్దరు డ్రమ్మర్లు. నడక నెమ్మదించి, నిండుగా, నృత్యానికి వీలుగా మారింది. 1977 వసంతం ఈ కాలానికి శిఖరమని చాలామంది ఒప్పుకుంటారు. 1979లో బ్రెంట్ మిడ్‌ల్యాండ్ కీబోర్డుతో పాటు బలమైన గొంతునూ తెచ్చాడు. 1986లో గార్సియా మధుమేహంతో కోమాలోకి వెళ్లి బతికి బయటపడ్డాడు. వేళ్లకు వాయిద్యం మళ్లీ నేర్పించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే 'టచ్ ఆఫ్ గ్రే' పాట అమెరికా తొలి పదిలో చేరింది. ముప్పై ఏళ్లలో ఆ స్థాయికి వెళ్లిన పాట వీళ్లకు అదొక్కటే. మరోవైపు ఆల్బమ్‌ల లెక్క చూడండి. తొలి నలభై స్థానాల్లోకి వెళ్లిన వీళ్ల ఆల్బమ్‌లు 2024 నాటికి 59 అయ్యాయి, ఎల్విస్ ప్రెస్లీ, ఫ్రాంక్ సినాత్రాల లెక్కను దాటాయి. వాటిలో చాలా వరకు బృందం ఆగిపోయాక వెలువడిన పాత కచేరీలే.

1989 శరత్కాలం నుంచి 1990 వసంతం దాకా చివరి వెలుగు. 1990 మార్చి 29న న్యూయార్క్ రాష్ట్రంలోని నస్సావ్ కొలీజియంలో జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ వచ్చి కలిశాడు. ఆ రాత్రి 'ఐస్ ఆఫ్ ది వరల్డ్' వినండి. కొత్తగా వచ్చిన అతిథి ఆ పాటలో పుట్టి పెరిగినట్టు వాయిస్తాడు. ఆ జులైలోనే బ్రెంట్ మరణించాడు. 1993 తర్వాతవి కొత్తవాళ్లకు చెప్పను. గార్సియా ఆరోగ్యం క్షీణించింది, మాటలు మరిచిపోయేవాడు. 1995 జులై 9న షికాగోలో చివరి కచేరీ, ఆగస్టు 9న గార్సియా మరణం.

అందరూ చెప్పే ఆ కార్నెల్ కచేరీ సంగతేమిటి? నిజంగా అంత గొప్పదా?

1977 మే 8, న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా పట్టణం, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్. బెట్టీ కాంటర్-జాక్సన్ టేపు. ఆమె తీసిన టేపులు అద్దె గోదాములో ఉండగా, బాకీ కట్టలేక 1986లో వేలానికి పోయాయి. కొన్నవాళ్ల నుంచి అభిమానుల చేతికి, అక్కడి నుంచి దేశమంతా వ్యాపించాయి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన రికార్డింగుల 2011 జాబితాలో ఈ కచేరీని చేర్చింది. బృందం తరఫున అధికారిక విడుదల 2017లో, సరిగ్గా నలభై ఏళ్లకు. దాని కీర్తికి సగం కారణం టేపు నాణ్యత, అది అందరికీ దొరకడం. అదే వారంలో మరుసటి రాత్రి బఫలోలో వాయించినదీ తక్కువది కాదు. కానీ రెండో సగం మొదట్లో 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ది మౌంటెన్'లోకి జారే ఆ 26 నిమిషాలకు వచ్చిన పేరు అక్రమం కాదు. మొదటి పాట ఎక్కడ ముగిసిందో రెండోది ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బేస్‌ను మాత్రమే పట్టుకోండి, ఆ మలుపు ముందుగా తెలిసేది అక్కడే.

ఈ 'ఫైర్ ఆన్ ది మౌంటెన్'కు మన దేశంతో నిజమైన సంబంధం ఉంది. మికీ హార్ట్ తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో 'డిగా' అనే తాళవాద్య ఆల్బమ్ చేశాడు. అందులోని ఒక రచనలోని లయే ఈ పాటకు విత్తనం. పదిహేనేళ్ల తర్వాత హార్ట్ చేసిన 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌లో జాకిర్‌తో పాటు ఘటం విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు. వరల్డ్ మ్యూజిక్ ఆల్బమ్‌కు ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ దానికే దక్కింది. తాళం వేస్తూ వినే అలవాటున్నవాళ్లకు డెడ్‌లో ఇంకో ఆనందం ఉంది. 'ఎస్టిమేటెడ్ ప్రాఫెట్' ఏడు దెబ్బల నడక, మిశ్రచాపు వేసుకుంటూ కూర్చోవచ్చు. 'ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్' ప్రధాన బాణీ పది, 'ది ఎలెవన్' పేరుకు తగ్గట్టే పదకొండు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ గంట. కార్నెల్‌తోనే మొదలుపెట్టమని చాలామంది అంటారు. నేను మాత్రం ఒకే జంట పాటల్ని ఐదు రాత్రుల నుంచి వినమంటాను. జంట 'చైనా క్యాట్ సన్‌ఫ్లవర్', 'ఐ నో యూ రైడర్'. మొదటిది హంటర్ రాసిన విచిత్రమైన పాట, రెండోది పాత జానపదం. రెండూ కలిపి పది నుంచి పదిహేను నిమిషాలే, బాణీలు వెంటనే చెవికెక్కుతాయి, మధ్యలో వంతెన లాంటి జామ్. ముందు 'యూరప్ 72' ఆల్బమ్‌లోది వినండి, పొందికగా ఉంటుంది. తర్వాత అదే ఏడాది ఆగస్టు 27న ఆరెగాన్ రాష్ట్రంలోని వెనెటాలో, ఒక డెయిరీ సహాయార్థం మండుటెండలో వాయించినది. 'సన్‌షైన్ డేడ్రీమ్' పేరుతో 2013లో విడుదలైంది. మూడోది 1974 జూన్ 26, ప్రావిడెన్స్, 'డిక్స్ పిక్స్' పన్నెండో సంపుటం. ఇందులో పాటకు ముందే జామ్ మొదలవుతుంది, వంతెన ఇంకా పొడవు సాగుతుంది. నాలుగోది 1977 డిసెంబరు 29, శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్, పదో సంపుటం. మూడేళ్లకు పైగా పక్కన పెట్టిన జంటను ఆ రాత్రి మళ్లీ ఎత్తుకున్నారు, హాలు ఎలా ఊగిపోయిందో వినండి. ఐదోది 1990లో వచ్చిన 'వితౌట్ ఎ నెట్'లోది, బ్రెంట్ కీబోర్డుతో. ఐదూ కలిపి సుమారు గంట. మూడోది ముగిసేసరికి పాట మీకు కంఠతా వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఏది మారిందో చెవే పట్టుకుంటుంది. అలా పట్టుకోవడంలో ఆనందం కలిగితే ఈ సంగీతం మీదే. కలగకపోతే మరో నాలుగు వందల గంటలు విన్నా కలగదు, నిశ్చింతగా పక్కన పెట్టేయొచ్చు.

'డిక్స్ పిక్స్' అంటే ఏమిటో చెప్పాలి. బృందం టేపుల భాండాగారాన్ని చూసుకున్న డిక్ లాట్‌వాలా ఎంపికతో 1993లో మొదలై, 1999లో ఆయన మరణించాక కూడా 2005 దాకా సాగిన 36 సంపుటాల వరస. 2012 నుంచి 'డేవ్స్ పిక్స్' పేరుతో డేవిడ్ లెమ్యూ ఏడాదికి నాలుగు చొప్పున తెస్తున్నారు. శబ్దం శుభ్రం చేసి, ఎంపిక చేసి ఇస్తారు కాబట్టి కొత్తవాళ్లకు ఉచిత భాండాగారం కన్నా ఇవే మెరుగు. ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండో మెట్టు. అక్కడ ఆడియన్స్ రికార్డింగుల్ని దించుకోవచ్చు, సౌండ్‌బోర్డులు మాత్రం అక్కడికక్కడ వినడానికే. 2005 నుంచి బృందం పెట్టిన నియమం అది. ఫోన్ డేటా భయం అక్కర్లేదు. సెకనుకు 128 కిలోబిట్ల మామూలు నాణ్యతలో మూడు గంటల కచేరీ సుమారు 170 ఎంబీ, రోజుకు 1.5 జీబీ ప్యాకులో తొమ్మిదో వంతు. నాణ్యత ఏమీ తగ్గించని 'ఫ్లాక్' రూపంలో దించుకుంటే ఒక జీబీ దాటవచ్చు, దానికి ఇంటి వైఫై వాడుకోండి.

ఇంకో రెండు సందేహాలు మొహమాటం లేకుండా తీర్చుకుందాం. వీళ్లు శ్రుతి తప్పుతారా? తప్పుతారు. గాత్రంలో వీళ్లు పండితులు కారు, ముగ్గురు కలిసి పాడినప్పుడు గీసుకునే చోట్లుంటాయి. ఒక్కోసారి ఒకరు పాట మారిస్తే ఇంకొకరు అందుకోరు. ప్రమాదం ఉన్న దారిలో నడిచేవాళ్లకే ఆ పొరపాట్లు వస్తాయి, మంచి రాత్రులూ ఆ దారిలోనే దొరికాయి. మత్తు పదార్థాలు లేకుండా ఇది అర్థమవుతుందా? డెడ్ చరిత్రలో ఎల్‌ఎస్‌డీ ఉంది, దాచేదేమీ లేదు. గార్సియా ఆయుష్షును వ్యసనం తగ్గించింది, అదీ నిజమే. కానీ బేస్, గిటారు మాట్లాడుకోవడం వినడానికి శ్రద్ధ తప్ప ఇంకేమీ అవసరం లేదు.

ఆ గంట నచ్చినవాళ్లకు తర్వాతి అడుగు ఎలా వేయాలన్నదానికి డెడ్‌హెడ్స్ పాటించే సరదా పద్ధతి ఒకటుంది: మీ పుట్టినరోజు తేదీతో వెతకండి. ముప్పై ఏళ్లలో దాదాపు 10,950 రోజులు, వాటిలో 2,300 కచేరీలు. మీరు 1965, 1995 మధ్య పుట్టి ఉంటే, సరిగ్గా మీరు పుట్టిన రోజునే వీళ్లు ఎక్కడో వేదిక మీద ఉండే అవకాశం ఐదింట ఒక వంతు. ఏ ఏడాదైనా ఫరవాలేదు, తేదీ కలిస్తే చాలనుకుంటే సగటున ఒక్కో తేదీకి ఆరు కచేరీలు వస్తాయి. ఆ ఆరులో 1972 నుంచి 1977 మధ్యది ఒకటి దొరికితే, రెండో సగం సౌండ్‌బోర్డ్‌తో మొదలుపెట్టండి.